వంద లెక్కపెట్టేదాకా

కుర్చీ ఇలా లాక్కుని నా పక్కన కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. గొంతెత్తాల్సిన రోజుల్లో నేను నోరు కుట్టేసుకున్నాను. అందుకే ఇప్పుడు నెమ్మదిగానైనా చెబుతున్నాను.

ఆ వానాకాలం మేం బడి గేటు పక్కనున్న రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మా అబ్బాయి ఆ బడికి వాచ్‌మన్, కోడలు అక్కడే ఆయా. ఉద్యోగాలతో పాటు వచ్చిన గదులవి, వాటితో పాటే పోయే గదులు కూడా. ముందు గది కిటికీ వీధిలోకి, వెనక గది కిటికీ బడి వరండాలోకి. ఆ వెనక కిటికీ ఊచలకు ఆనించి నా కుట్టు మిషను. పగలంతా నా బతుకు ఆ ఊచల ఇవతలే.

వాన పట్టుకుందంటే వదిలేది కాదు. ఆడుకునే స్థలం మడుగైపోయింది. మూడు వందల మంది పిల్లలూ ఆటల వేళ ఆ ఒక్క వరండాలోనే కిక్కిరిసేవారు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేది గోల. వరండా చివర విరిగిన బెంచీలు, చీపుళ్ళు పడేసే చీకటి కొట్టు ఒకటి ఉండేది. దాని తలుపుకు బయటివైపు మాత్రమే గడియ.

పెద్ద టీచరమ్మ ఆ ఏడు కొత్త రూలు పెట్టారు. గేటు పక్కన బోర్డు రాయించారు. మా అబ్బాయి చదివి వినిపించాడు: "తోటి పిల్లల మీద చెయ్యి చేసుకుంటే అదే రోజు టీసీ ఇచ్చి పంపించేస్తాం."

"మంచి పని చేశారు. దెబ్బకి దయ్యం వదులుతుంది," అన్నాను నేను.

అందరం అలాగే అనుకున్నాం. నిజంగానే ఆ బోర్డు ఎక్కాక బడిలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అందరూ "ఆడుకోవడం" మొదలుపెట్టారు.

వానలు పడ్డ మొదటి వారంలోనే ఒక పిల్ల మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అయిదో తరగతి. మా మనవరాలి తరగతే. ఆ ఏడే కొత్తగా చేరింది. పిచ్చుకంత పిల్ల, నోట్లో నాలుక లేదు. నేను పిచ్చుకా అనే పిలిచేదాన్ని. వాళ్ళమ్మ బస్సులో కండక్టరు. చీకటితోనే డ్యూటీకి పోతే దీపాలు పెట్టే వేళకు గానీ రాదు.

"మిషను నానమ్మా, ఇది కుడతారా?" అంది భుజం చూపించి. తెల్లచొక్కా కుడి భుజం దగ్గర కుట్టు ఊడి, గుడ్డ కూడా బెత్తెడు చిరిగింది.

"ఎలా చిరిగిందే?"

"ఆడుకుంటుంటే."

"ఆడుకుంటే చిరిగిందా, పోట్లాడుకుంటే చిరిగిందా?"

"ఆడుకుంటుంటేనే. నానమ్మా, మా అమ్మకి కనపడకుండా కుట్టాలి."

అక్కడే నన్ను పట్టేసింది ఆ పిల్ల. ఎందుకంటే నలభై ఏళ్ళ నా పనితనమంతా ఆ ఒక్క మాటలో ఉంది. చిరుగు అంచుల్లోంచి నూలుపోగు లాగి, ఆ పోగుతోనే నేసినట్టు కుడితే, ఆ గుడ్డ నేసినవాడు వచ్చినా పోల్చుకోలేడు. అలాగే కుట్టాను. వెలుగుకు పట్టుకుని చూపించి, "ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం!" అన్నాను. పిచ్చుక వెతికింది, కనపడలేదు. మొదటిసారి ఆ మొహంలో కాస్త నవ్వు చూశాను. ఆ రోజు నా అంత గొప్పది లేదనుకున్నాను, నా మొహానికి.

తర్వాతి వారం మళ్ళీ వచ్చింది. ఆ పై వారం మళ్ళీ. అదే కుడి భుజం.

"ఎవత్తే ఆ రాకాసి?" అన్నాను మూడోసారి. "ఊడిన కుట్టు వేరు, లాగిన కుట్టు వేరు. ఇది ఎవరో ఎదురుగా నిలబడి పట్టి లాగిన చిరుగు. పేరు చెప్పు, దాని చెవి మెలేసి వస్తాను."

పిచ్చుక నేల వైపు చూస్తూ, "ఆడుకుంటుంటే," అంది.

ఇంట్లో కూడా అదే మాట చెప్పి ఊగిపోయాను. "ఏ తల్లి కన్నదో గానీ, ఆ పిల్లని అలా పీక్కుతింటోంది. పెంపకం అంటూ ఉండక్కర్లేదా?" అన్నాను. మా మనవరాలు పక్కనే కూర్చుని పలక తుడుస్తోంది. దాన్ని పిడుగు అని పిలిచేదాన్ని నేను. తలెత్తలేదు. తుడిచిందే తుడుస్తోంది.

మరో రెండు రోజులకు తెరిపిచ్చింది. ఎండ ఇంత ముక్క వరండాలో పడింది. పిడుగు పరుగెత్తుకుంటూ వచ్చి, "నానమ్మా, రా! ఇంద్రధనుస్సు!" అని నా భుజం పట్టుకుని లాగింది. మిషను ముందు నుంచి లేవబోతుంటే టప్పుమంది. నా జాకెట్టు కుట్టు తెగింది.

కుడి భుజం దగ్గర.

మా పిడుగుది ఎడమచేతి వాటం. అన్నం తినడం తప్ప అన్నీ ఆ చేత్తోనే. ఎదురుగా నిలబడి ఎడమ చేత్తో లాగితే మనిషికి చిరిగేది కుడి భుజమే. ఇన్నేళ్ళు బట్టలు కుట్టినదాన్ని, మూడు వారాలుగా ఆ చిరుగు చేతిలో పెట్టుకుని కూడా నాకు తట్టలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ముద్దు మాట అటుంచండి, కాకికి తన పిల్ల నల్లగా ఉందని కూడా తెలియదు.

ఇంద్రధనుస్సు చూశానో లేదో నాకు గుర్తులేదు.

మర్నాడు ఆటల గంట కొట్టగానే మిషను ఆపి కిటికీ ఊచలు పట్టుకున్నాను. వాన మళ్ళీ మొదలైంది. ఎనిమిది మంది పిల్లలు పిచ్చుక చుట్టూ చేరారు. నవ్వుతున్నారు. ముందు మా పిడుగు. చొక్కా భుజం పట్టి లాక్కుపోయి కొట్టులోకి తోసింది. ఇద్దరు తలుపుకు ఆనుకున్నారు. ఒకడు గడియ పెట్టాడు. అందరూ కలిసి, ఎక్కాలు అప్పజెప్పినట్టు, "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెడుతున్నారు. ఒక టీచరమ్మ అటుగా పోతూ, "ఏంటర్రా ఆ గోల?" అంది.

"ఆడుకుంటున్నాం టీచర్!"

ఆవిడ వెళ్ళిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

నేను పిలవలేదు. "ఒసేయ్" అని ఒక్క కేక వేస్తే వరండా అంతా వినపడేది. కానీ ఆ కేక వేస్తే టీచరమ్మ వెనక్కి తిరిగి చూస్తుంది. చూస్తే టీసీ. ఊచలు పట్టుకుని వంద దాకా నేనూ విన్నాను.

బడి వదిలాక పిడుగును తలుపేసి నిలబెట్టాను.

"ఏంటే అది?"

"ఆట నానమ్మా."

"ఆ పిల్లకి ఆటా అది?"

"దానికి భయం, అందుకే సరదాగా..." అని ఆగిపోయింది. గడ్డం పైకెత్తి, "నువ్వే కదా చెప్పావు?" అంది.

"నేనా? నేనేం చెప్పానే?"

"నిరుడు నేను ఏడుస్తూ వచ్చానే, అప్పుడు. ఏడుపుగొట్టు మొహమా, పడేవాళ్ళని చూస్తేనే అందరూ కొడతారు, ఒకటి కొడితే నువ్వు రెండు కొట్టు, ముందే కొట్టావనుకో, నీ జోలికి ఎవరూ రారు అని చెప్పావు. రాలేదుగా మరి?"

అన్నాను. అక్షరం పొల్లుపోకుండా అలాగే అన్నాను. అన్నాక దీనికి ధైర్యం వచ్చిందని మురిసిపోయి పిడుగు అని పేరు పెట్టిందీ నేనే.

సాయంత్రం కొడుకూ కోడలూ ఇంటికి రాగానే చెప్పేశాను. కోడలు చేతిలో బకెట్టు కింద పెట్టి అలాగే కూర్చుండిపోయింది. మా అబ్బాయి మొదట కూతురి మీదికి చెయ్యెత్తాడు. తర్వాత బోర్డు గుర్తొచ్చినట్టు ఆ చెయ్యి దించి కిటికీ తలుపు మూశాడు.

"అమ్మా, నువ్వు చూశావని ఎవరికైనా తెలుసా?"

"ఊహూఁ."

"అయితే చూడలేదనుకో. వాచ్‌మన్ కూతురే ఇలా చేస్తోందంటే ఉంచుతారా? దానికి టీసీ, మనకి సామాన్ల బండి. ఈ వానలో ఎక్కడికి పోతాం చెప్పు?"

"మరి ఆ పిల్ల?"

"ఇక చెయ్యదులే అత్తయ్యా," అంది కోడలు. "నేను చెబుతాగా. చెయ్యదు. ఒట్టు పెట్టించుకుంటా."

ఒట్టు పెట్టించుకున్నాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఒట్టు మీద నిలబడ్డాం నలుగురం. ఆ రెండు గదులు అంత ఇరుకని అంతకుముందు నాకు తెలియదు. ఎవరు దగ్గినా మిగతా ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. గేటు చప్పుడైతే చాలు, గుమ్మడికాయల దొంగల్లా నలుగురం భుజాలు తడుముకునేవాళ్ళం.

ఒక వారం పిచ్చుక రాలేదు. అమ్మయ్య అనుకున్నాను. రెండో వారం వచ్చింది. అదే భుజం. ఒట్టు దాని పాటికి అది ఉంది, చిరుగు దాని పాటికి అది ఉంది. మాట్లాడకుండా కుట్టి పంపించాను. అది నాలుగోసారి. గుర్తుపెట్టుకోండి, అన్నీ తెలిసి కూడా కనపడకుండా కుట్టిన కుట్టు అది ఒక్కటే. మిగతా మూడింటికీ తెలియదని సాకు చెప్పుకోవచ్చు. దీనికి లేదు.

అయిదోసారి వచ్చిన రోజు ఆకాశానికి చిల్లు పడ్డట్టుంది. బడి వదిలేశారు. పిల్లలంతా వెళ్ళిపోయారు. పిచ్చుక లోపలికి వచ్చి, "నానమ్మా, మా అమ్మ ఇంటికి వచ్చే వేళదాకా ఇక్కడ ఉండనా?" అంది.

"ఉండవే తల్లీ. కుర్చీలో కూర్చో."

కూర్చోలేదు. నా మిషను బల్ల కింద దూరి, మోకాళ్ళు ముడుచుకుని గోడకు ఆనుకుంది. నేను చొక్కా అందుకుని చిరుగు చూస్తున్నాను. కింద నుంచి సన్నగా ఏదో వినిపిస్తోంది. వంగి చూశాను. కళ్ళు మూసుకుని లెక్కపెడుతోంది. అరవై ఎనిమిది, అరవై తొమ్మిది.

"ఎందుకే లెక్కపెడుతున్నావు? ఇక్కడ ఎవరూ లేరుగా."

"అలవాటు అయిపోయింది నానమ్మా. వంద అయితే తలుపు తీస్తారు."

"తీస్తారా?"

"ఒక్కోసారి మర్చిపోయి వెళ్ళిపోతారు. అప్పుడు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతా."

బయట వాన ధారగా పడుతోంది. తెల్లదారం రీలు మిషను మీదే ఉంది. దాన్ని తీసి సొరుగులో పెట్టాను. ఎర్రదారం ఎక్కించాను.

చప్పుడు విని పిచ్చుక తల బయటపెట్టింది. "నానమ్మా, అది కనపడుతుంది."

"కనపడుతుంది."

"అమ్మ అడుగుతుంది."

"అడిగితే మిషను నానమ్మని అడగమను. నువ్వేం చెప్పక్కర్లేదు. నేను చెబుతాను."

వద్దనలేదు. కొత్త చిరుగు కుట్టాను. తర్వాత పాతవి నాలుగూ, నాకు మాత్రమే తెలిసిన చోట్లు, వెతికి వెతికి వాటి మీదా ఎర్రదారం నడిపాను. తెల్లచొక్కా భుజం మీద అయిదు గీతలు తేలాయి.

మర్నాడు పొద్దున్నే కండక్టరమ్మ డ్యూటీకి పోకుండా వచ్చింది. ఖాకీ బట్టల్లోనే, మెడలో విజిలు, ఒక చేతిలో చొక్కా, ఇంకో చేతిలో పిచ్చుక చెయ్యి. కోడలు గుమ్మం కడుగుతోంది. మా అబ్బాయి గేటు తాళం తీస్తున్నాడు. పిడుగు జడ వేయించుకోవడానికి నా ముందే కూర్చుంది.

"ఎవరండీ ఇది కుట్టింది?"

"నేనేనమ్మా."

"దారం లేకపోతే చెప్పొచ్చుగా? బడికి వేసుకెళ్ళే చొక్కా ఇది!"

"దారం ఉంది. నీకు కనపడాలనే కుట్టాను."

ఆవిడ చొక్కా వైపు చూసింది. అయిదు గీతలూ వేలితో తడిమింది. "ఎవరు చేశారు?"

కోడలు, "అత్తయ్యా," అంది. అంతే అంది. ఆ ఒక్క పిలుపులో గది, ఉద్యోగం, వాన, సామాన్ల బండి అన్నీ ఉన్నాయి.

నా చేతిలో పిడుగు జడ సగంలో ఉంది. "ఇదిగో, ఇదే. నా మనవరాలే," అన్నాను.

కండక్టరమ్మ దాని వైపు చూడలేదు. నా వైపే చూసింది. "అయిదుసార్లు కుట్టారా?"

"అయిదుసార్లు."

"అంటే నాలుగుసార్లు నా కళ్ళు కప్పారు."

"అవునమ్మా."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పిడుగు నా చేతుల్లోంచి జడ లాక్కుని, "నువ్వు చెప్పేశావా నానమ్మా?" అని లోపలికి పరుగెత్తింది. ఆ తర్వాత వానాకాలం ముగిసేదాకా అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్ద టీచరమ్మ గదిలో అందరం నిలబడ్డాం. నేను చూసిందీ విన్నదీ చెప్పాను. ఆవిడ అప్పటికే టీసీ పుస్తకం తెరిచారు. "రూలు రూలే. వాచ్‌మన్ కూతురికో రూలు, ఇంకొకరికో రూలు ఉండదు," అన్నారు. మా అబ్బాయి తల వంచుకుని చేతిలో తాళాల గుత్తి తిప్పుతున్నాడు, అవి కూడా ఇచ్చేయమంటారన్నట్టు.

అప్పుడు కండక్టరమ్మ అంది, "మేడమ్, నా బస్సులో రోజూ గొడవలే. గొడవ చేసేవాణ్ణి నేను దారిలో దింపేశాననుకోండి, వెనక బస్సు ఎక్కుతాడు. నా బస్సు ప్రశాంతం, వెనక కండక్టరు చావు. ఈ పిల్లని పంపిస్తే ఇంకో బడిలో ఇంకో పిల్ల భుజం చిరుగుతుంది. సరే, ఇది పోయింది, ఆ మిగతా ఏడుగురో? మా అమ్మాయి రేపట్నుంచి కొట్టు పక్క నుంచి నడవగలదా? అది చెప్పండి ముందు."

పెద్ద టీచరమ్మ కలం ఆగింది. "అయితే ఏం చేద్దామంటారు?"

"నాకేం తెలుసు? టిక్కెట్లు కొట్టేదాన్ని. టీచర్లు మీరు."

తలుపు పక్కన అయిదో తరగతి టీచరమ్మ నిలబడి ఉంది. వయసులో చిన్నది. ఆ రోజు "ఏంటర్రా ఆ గోల" అని వెళ్ళిపోయింది ఆవిడే. "మేడమ్, నేను కూడా విని వెళ్ళిపోయాను," అంది. "ఆట అన్నారు, నమ్మేశాను. నమ్మితే పని తగ్గుతుందిగా. నాకు ఒక్క పూట ఇవ్వండి. తల్లిదండ్రుల్ని పిలుద్దాం. టీసీ సంగతి తర్వాత చూద్దురు గానీ."

టీసీ కాగితం చించలేదు పెద్ద టీచరమ్మ. సగం రాసింది అలాగే సొరుగులో పెట్టారు. ఆ సొరుగు మూసిన చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

శనివారం మధ్యాహ్నం పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళం ఇరుక్కుని కూర్చున్నాం, మోకాళ్ళు గడ్డాలకు తగులుతూ. పక్కన మా పిల్లలు. ఒక తండ్రి లేచి, "మావాడు అలాంటివాడు కాదు, పక్కవాళ్ళు చెడగొట్టారు," అన్నాడు. కండక్టరమ్మ విజిలు పట్టుకుని, "ముందు కూర్చోండి, అందరూ ఆ మాటే అంటే మా అమ్మాయి తనంతట తనే లోపలికి వెళ్ళి బయట గడియ పెట్టుకుందనుకోవాలి," అంది. ఎవరో నవ్వారు, ఆయన కూర్చున్నాడు.

చిన్న టీచరమ్మ ఎవరు చేశారని అడగలేదు. "ఆట అంటే ఆడేవాళ్ళందరికీ నవ్వు రావాలి. వరండాలో జరిగినదాంట్లో నవ్వు రానివాళ్ళు ఎవరు? చెప్పినందుకు ఈ పూట ఎవరికీ శిక్ష లేదు," అంది.

ఒక పిల్లాడు లేచి, "నేను గడియ పెట్టాను టీచర్. నాకు నవ్వు రాలేదు," అన్నాడు. ఇంకో పిల్ల, "నేను లెక్కపెట్టాను." ఇంకొకడు, "నేను తలుపుకు ఆనుకున్నా. లోపల ఏడుపు వినిపించింది."

నేను లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, బెంచీ పట్టుకుని నిలబడ్డాను. "నేను కిటికీలోంచి చూశాను. వంద దాకా విన్నాను. అరవలేదు. ముందు కొట్టమని నా మనవరాలికి నేర్పిందీ నేనే," అన్నాను. అంతమంది ముందు మాట్లాడటం అదే మొదలు.

పిడుగు నా వైపు చూడలేదు. టీచరమ్మ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నీకు నవ్వు వచ్చిందా?" అని అడిగింది.

అది తల అడ్డంగా ఊపింది.

"మరి ఎందుకమ్మా రోజూ?"

"అది లోపల ఉంటే, నన్ను పెట్టరుగా," అంది.

మా అబ్బాయి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఏడుపు దాచుకోవడానికి పోయాడనుకున్నాను. కాసేపటికి వరండా చివర నుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. కొట్టు తలుపు బందులు ఊడగొడుతున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు. తలుపు వీపు మీద మోసుకొచ్చి గేటు దగ్గర గోడకు ఆనించాడు.

అక్కడితో అంతా చక్కబడిపోయిందని చెబితే అబద్ధం. పిచ్చుక, పిడుగు స్నేహితులు కాలేదు. ఒక తల్లి తన కొడుకును బడి మాన్పించింది. ఆటల వేళ వరండాలో ఇద్దరు టీచర్లు నిలబడటం మొదలైంది. "ఆట" అన్న ప్రతిసారీ "నవ్వెవరికి రాలేదు?" అని అడిగేవారు. పిల్లలు మొదట విసుక్కున్నారు, తర్వాత వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు అడగడం నేర్చుకున్నారు. టీసీ కాగితం సొరుగులోనే ఉంది. వానాకాలమంతా మేం సామాన్లు సగం కట్టుకునే బతికాం.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం పిడుగు వచ్చి నా పక్కన కూర్చుంది. నేను మిషను తొక్కుతున్నాను. చూడనట్టే ఉన్నాను.

"నానమ్మా."

"ఊఁ."

"నిరుడు నన్ను కొట్టులో పెట్టింది ఎవరో నువ్వు అడగనే లేదు."

కాలు ఆగిపోయింది. అడగలేదు. అది ఏడుస్తూ వచ్చిన రోజు ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అని ఒక్క ముక్క అడగలేదు. కొట్టమని చెప్పి, కళ్ళు తుడిచి పంపించేశాను. దానికి చెప్పుకోవడానికి ఒక కథ ఉందన్న సంగతే నాకు పట్టలేదు.

"ఇప్పుడు చెబుతావా?"

"మధ్యలో తిట్టవుగా? ఏం చెయ్యాలో చెప్పవుగా?"

"చెప్పను."

చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఎన్నిసార్లు నా నోటి దాకా మాటలు వచ్చాయో. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అది చెప్పి చెప్పి, చీకటి పడే వేళకు నా ఒళ్ళో తల పెట్టి ఆగింది. అంతా విన్నాను. ఒక్క సలహా ఇవ్వలేదు.

అయిపోయింది, ఇంకేం లేదు. మీరు ఈ కథ ఎవరికైనా చెప్పాలి, అందుకే ఇంతసేపు కూర్చోబెట్టాను. బడి నుంచి బిడ్డ ఏడుస్తూ వచ్చిన ఇంట్లో చెప్పండి. ఏడిపించి వచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో అయితే రెండుసార్లు చెప్పండి. చెప్పేటప్పుడు మా పిడుగును రాకాసిని చెయ్యకండి, నన్ను మంచిదాన్ని చెయ్యకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి.